‘మీ ఇన్సూరెన్స్‌లో పెట్టేసుకోండమ్మా’ అంటున్నారు... పెట్టేసుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ఆరేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పోయిన శనివారం సాయంత్రం బేస్‌మెంట్‌లో మా కారు మా స్లాట్‌లో నిలిపి ఉంటే, పక్క ఫ్లాట్ అన్నవాళ్ల అబ్బాయి వాళ్ల కారు రివర్స్ చేస్తూ వెనక ఎడమ వైపు గుద్దేశాడు. బంపర్ పగిలింది, టెయిల్ ల్యాంప్ పోయింది, డోర్ సొట్ట పడింది. ‘తప్పు మాదేనమ్మా, నేను చూసుకుంటా’ అని అన్న వెంటనే చెప్పాడు. మర్నాడు వదిన డబ్బా నిండా బక్షాలు పంపింది. కానీ షోరూమ్ వాళ్లు 32 వేలు ఎస్టిమేట్ ఇచ్చాక ఆయన మాట మారింది. ‘మీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, మీ దాంట్లో పెట్టేసుకోండి, పైసా ఖర్చుండదు. పైన వెయ్యో రెండువేలో పడితే నేనిస్తా’ అంటున్నాడు. పైగా అబ్బాయికి ఎల్‌ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) మాత్రమే ఉందట, అందుకని కారు తనే నడిపినట్టు రాయమంటున్నాడు. మావారేమో పోలీస్ కంప్లయింట్ ఇద్దామంటున్నారు. ఒకే ఫ్లోర్, ఒకే లిఫ్టు, నాకేమో మొహం చెల్లడం లేదు. వదిన డబ్బా కూడా ఖాళీగా తిరిగివ్వలేక ఇంట్లోనే పెట్టుకున్నాను. మా కారు 2022 మోడల్, 1,200 సీసీ, ఏపీ నంబరు. పాలసీ పీడీఎఫ్, ఎస్టిమేట్ జత చేశాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, మీ పాలసీ తెరిచి, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మీ అన్న అన్న మాటల్లో నాకు ఎక్కడా దురుద్దేశం కనబడలేదు. కానీ ‘పైసా ఖర్చుండదు’ అన్నదాంట్లో లెక్క తప్పింది. ఆ తప్పు ఖరీదు దాదాపు 22 వేలు. ఎవరు కట్టాలన్నది మీరిద్దరూ తేల్చుకోవలసిందే, కానీ అసలు ఖర్చే లేదనుకుని మాత్రం సంతకం పెట్టకండి.

‘ఫుల్ ఇన్సూరెన్స్’ అని మనమంతా అనే పాలసీలో నిజానికి రెండు వేర్వేరు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. మన కారు వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి అది. చట్టప్రకారం తప్పనిసరి. మీ పాలసీలో దానికి 3,416 రూపాయలు పడింది, 1,000 నుంచి 1,500 సీసీ కార్లన్నిటికీ అదే రేటు. రెండోది ఓడీ, అంటే ఓన్ డ్యామేజ్. మన కారుకు మనం చేయించుకునే రక్ష. మీ అన్న ‘మీ దాంట్లో పెట్టుకోండి’ అంటున్నది ఈ రెండోదాని గురించి. తప్పెవరిదని అది అడగదు. కోతి దూకి అద్దం పగలగొట్టినా, పొరుగింటి అబ్బాయి గుద్దినా, మీరే వెళ్లి స్తంభానికి తగిలించినా దానికి ఒకటే. డబ్బులిచ్చేటప్పుడు ఇది మనకు మంచిదే. మరుసటి ఏడాది రెన్యువల్‌లో మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది. క్లెయిమ్ పెట్టని ఏడాదికి రెన్యువల్‌లో ఇచ్చే తగ్గింపును ఎన్‌సీబీ అంటారు, పూర్తి పేరు నో క్లెయిమ్ బోనస్. నో తప్పు బోనస్ అనే డిస్కౌంటు ఏ కంపెనీలోనూ లేదు. తప్పు మీది కాకపోయినా క్లెయిమ్ మీదే, బోనస్ పోయేదీ మీకే.

ముందు మీ ఎస్టిమేట్ చూద్దాం. వెనక బంపర్ కొత్తది 8,400. టెయిల్ ల్యాంప్ 4,600. డెంటింగ్ లేబర్ 5,500. మూడు ప్యానెళ్లకు పెయింటు 13,500. మొత్తం 32 వేలు. సామాన్ల తరుగు కింద ఏమీ కోయకుండా ఇచ్చే అదనపు కవర్ జీరో డెప్, దీన్నే జనం బంపర్ టు బంపర్ అంటారు. మీ పాలసీలో అది లేదు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామాన్లలో సగం ధర కంపెనీ కోసేస్తుంది. బంపర్ ప్లాస్టిక్, అందులో 4,200 మీ వంతు. టెయిల్ ల్యాంపును కూడా ప్లాస్టిక్ కిందే లెక్కేస్తారు, 2,300. పెయింటు బిల్లులో నాలుగో వంతును రంగు సామగ్రి ఖర్చుగా తీసుకుని అందులో సగం కోస్తారు, 1,687. వీటిపైన 1,500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనమే భరించాల్సిన వెయ్యి ఉంటుంది. అన్నీ కలిపితే 9,187. కంపెనీ మీకిచ్చేది 22,813. ‘వెయ్యో రెండువేలో’ అని మీ అన్న అనుకున్నది ఇక్కడే తొమ్మిది దాటింది.

ఇక ఎన్‌సీబీ. క్లెయిమ్ లేని ఒక్కో ఏడాదికి ఓడీ ప్రీమియంలో తగ్గింపు వరుసగా 20, 25, 35, 45, 50 శాతం అవుతుంది, అక్కడితో ఆగుతుంది. మీరిప్పుడు 35 దగ్గరున్నారు. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే రెన్యువల్‌కు 45, ఆపై ఏడాది నుంచి 50. క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌కు సున్నా, అక్కడి నుంచి మళ్లీ 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడా తీసి చూడండి: 45, 30, 25, 15, 5. కలిపితే 120 శాతం. మీ ఓడీ ప్రీమియం బోనస్ తీయకముందు పదివేలుంది. అంటే అయిదేళ్లలో 12 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కొంత తగ్గుతుంది కాబట్టి నేను 13 వేలనే వేసుకుంటాను. ఈ మధ్యలో మీరు మరో క్లెయిమ్ పెట్టరనే ఊహ మీద వేసిన లెక్క ఇది.

9,187కు 13 వేలు కలిపితే 22 వేల చిల్లర. అంటే 32 వేల బిల్లులో మీ ఇన్సూరెన్స్ నిజంగా మోసేది పదివేలే. మిగతాది మీరు మోస్తారు, కాకపోతే కొంత ఇప్పుడు, కొంత వాయిదాల్లో. వాయిదాల్లో పోయే డబ్బు కాబట్టే ఎవరికీ నొప్పి తెలియదు.

ఈ నొప్పి నాకే తెలిసేసరికి ఆలస్యమైంది. మోటార్ క్లెయిముల విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ని, చెప్పుకోవడానికి సిగ్గు. వర్తూరు వైపు ఉంటున్నప్పుడు ఇంటిముందు నిలిపిన నా కారును నీళ్ల ట్యాంకరొకటి రాసుకుంటూ పోయింది. ముందు ఫెండరు మీద చెయ్యి పెడితే అరచెయ్యి పట్టేంత లోతు. డ్రైవర్ దండం పెట్టాడు, ‘మీకు ఇన్సూరెన్స్ ఉంటుంది కదా సార్’ అన్నాడు. పోనీలే పాపం అని నా పాలసీలోనే పెట్టాను. కోతలన్నీ పోను చేతికి 6,200 వచ్చింది. అప్పుడు నా బోనస్ 50 శాతం, ఓడీ ప్రీమియం తొమ్మిది వేలు. మరుసటి ఏడాదే 4,500 ఎక్కువ కట్టాను, ఆ పై ఏడాది 2,700. రెండేళ్లకే వచ్చిందానికంటే పోయింది ఎక్కువైంది. నేనే రోజూ పదిమందికి ఎన్‌సీబీ గురించి చెప్పేవాణ్ని మరి.

అందుకని నా మాట: మీ అన్న డబ్బు కట్టి బాగుచేయిస్తానంటే మీ పాలసీ జోలికి వెళ్లకండి. అదే అందరికీ చవక. అయితే 32 వేలు ఆయనకు ఎక్కువనిపించవచ్చు, అందులో అన్యాయమేమీ లేదు. షోరూమ్ ఎస్టిమేట్ ఎప్పుడూ కొంచెం పండగ భోజనంలా ఉంటుంది. వెనక బంపర్‌ను దగ్గరగా చూడండి. పక్కన, చక్రం పైన దాన్ని బాడీకి పట్టి ఉంచే చిన్న చిన్న కొక్కేలుంటాయి. అవి విరిగితే బంపర్ మార్చాల్సిందే, ఎంత అతికినా కొన్నాళ్లకు ఊగుతుంది. అవి బాగుండి పైన పగులు మాత్రమే ఉంటే, మంచి టింకరింగ్ షాపులో ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి పెయింటు కొడతారు. డిక్కీ మూసినప్పుడు రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి. ఒకవైపు వేలు దూరి మరోవైపు దూరకపోతే లోపలి రేకు కూడా కదిలిందని అర్థం, అప్పుడు షోరూమే మంచిది. మూడు ప్యానెళ్ల పెయింటు నిజంగా అవసరమా, రెండు చాలా అని సర్వీస్ అడ్వైజర్‌ను అడగండి. వేరే చోట రెండో ఎస్టిమేట్ కూడా తీయించండి. ఆ రెండు కాగితాలూ తీసుకెళ్లి ఎదురుగా పెడితే మాట్లాడటం తేలికవుతుంది. డబ్బు మీ చేతికి కాకుండా గ్యారేజీకే ఆయన నేరుగా కట్టేటట్టు చూడండి. అప్పుడు ‘బిల్లు తక్కువైంది, మిగిలింది’ లాంటి మాటలు రావు.

ఆయన దగ్గర ఇప్పుడంత లేదు, లేదా ససేమిరా అన్నాడనుకోండి. అప్పుడు మీ పాలసీలోనే పెడతానని, కానీ కోతలు 9,187, బోనస్ నష్టం ఓ 13 వేలు ఆయన భరించాలని చెప్పండి. దీనివల్ల ఆయనకు పదివేలు మిగులుతుంది, మీకు నష్టముండదు. బోనస్ నష్టం సంగతి మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. మీ రెన్యువల్ నోటీసులో ‘ఎన్‌సీబీ 35 శాతం, తగ్గింపు 3,500’ అని అచ్చుపడిన వరుస చూపించండి, మాటలకంటే అదే బాగా పనిచేస్తుంది.

ఈ దారిలో ఒక జాగ్రత్త ఉంది. కంపెనీ మీకు డబ్బిచ్చాక, ఆ మేరకు మీ అన్న నుంచి రాబట్టుకునే హక్కు కంపెనీకి వస్తుంది. 20 వేల కోసం వెంటపడిన సందర్భాలు నా సర్వీసులో నేను చూడలేదు కానీ, హక్కు హక్కే. ఆయన మీకు కొంత డబ్బిచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు, అంతా తీరిపోయింది’ అని మీ చేత కాగితం రాయించుకుంటే ఆ హక్కుకు మీరు గండి కొట్టినట్టే, కంపెనీ మీ క్లెయిమ్‌ను ఆపవచ్చు. కాగితం రాయాల్సి వస్తే ‘ఇన్సూరెన్స్ ఇవ్వని భాగానికి ఇంత ముట్టింది’ అని మాత్రమే రాయండి. ఒకే బంపర్‌కు ఆయన దగ్గరా, కంపెనీ దగ్గరా రెండుసార్లు తీసుకోవడం మాత్రం కుదరదు. ఇన్సూరెన్స్ పోయింది తిరిగివ్వడానికే, పైన లాభం పెట్టడానికి కాదు.

ఇప్పుడు అబ్బాయి సంగతి. తండ్రి నడిపినట్టు రాయొద్దు. దీంట్లో మొహమాటం పడకండి. మీ క్లెయిమ్ ఫారంలో డ్రైవర్ గడి మీ కారు ఎవరు నడుపుతున్నారనే దాని కోసం. మీ కారు నిలిపి ఉంది, ఎవరూ నడపలేదు, అదే రాయండి. ప్రమాదం ఎలా జరిగిందన్నచోట ‘ఫలానా నంబరు కారు రివర్స్ చేస్తూ తగిలింది’ అంటే సరిపోతుంది. ఎవరు నడిపారని, నష్టం చూడటానికి కంపెనీ పంపే సర్వేయర్ అడిగితే చూసింది చెప్పండి. అబ్బాయి పేరు దాచినందువల్ల మీకొచ్చేది ఏమీ లేదు, దొరికితే పోయేది మాత్రం మొత్తం క్లెయిమ్. బేస్‌మెంట్ కెమెరాలో కారు దిగింది ఎవరో కనబడుతుంది కూడా. కొన్ని గ్యారేజీల్లో సర్వీస్ అడ్వైజర్లు ఇంకో సలహా ఇస్తారు: ‘మేడమ్, పక్కవాళ్ల గొడవ ఎందుకు, పార్క్ చేస్తుంటే పిల్లర్‌కు తగిలిందని రాసేద్దాం’. వద్దు. మీ బంపర్ మీద వాళ్ల కారు రంగు అంటుకుని ఉంటుంది. ఆ రంగు పిల్లర్‌కు ఎక్కడిదని సర్వేయర్ అడిగితే ఆ అడ్వైజర్ మీ పక్కన ఉండడు.

ఎల్‌ఎల్ఆర్ ఉన్నంత మాత్రాన కుర్రాడు నేరం చేసినట్టు కాదులెండి. లెర్నర్ లైసెన్స్ కూడా లైసెన్సేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, కారుకు ఎర్ర ఎల్ బోర్డు ఉండాలి. ఆ సాయంత్రం తండ్రి పక్కనుంటే ఆయన అంత కంగారు పడనక్కర్లేదు. ఒంటరిగా తీసి ఉంటే అది ఆయనకూ ఆయన కంపెనీకీ మధ్య వ్యవహారం, మీ భుజాల మీద వేసుకోకండి.

‘మరి ఆయన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దేనికి?’ అని మీవారు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రైవేటు కారు పాలసీలో ఇతరుల ఆస్తినష్టానికి మామూలుగా ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది. కొంత ప్రీమియం తగ్గుతుందని దాన్ని ఆరువేలకు కుదించుకున్నవాళ్లూ ఉంటారు. మీ 32 వేలు ఏడున్నర లక్షల్లో ఓ మూలకు. చిక్కు ఎక్కడంటే, ఆ డబ్బు ఆయన కంపెనీ కౌంటర్ దగ్గర అడిగితే ఇవ్వరు. మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. బెంగళూరులో ఆ ట్రిబ్యునళ్లు స్మాల్ కాజెస్ కోర్టులోనే నడుస్తాయి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణ చెబుతోంది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పోలీసు రికార్డు కావాలి. పైగా మీది బేస్‌మెంట్. చట్టం మాట్లాడేది ‘పబ్లిక్ ప్లేస్’ గురించి కాబట్టి, గేటు లోపలి పార్కింగ్ ఆ కిందికి రాదని అవతలి లాయర్ వాదిస్తాడు. కారు నుజ్జయి మూడు నాలుగు లక్షలైతే వెళ్లండి అంటాను. 32 వేలకు లాయర్ ఫీజు, ఆఫీసు సెలవులు, సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ లెక్కేసుకుంటే గెలిచినా ఓడినట్టే.

అయినా ఈ దారి ఒకటుందని మీ అన్నకు తెలియనివ్వండి. బెదిరించడానికి కాదు. థర్డ్ పార్టీ క్లెయిమ్ వల్ల తన ఎన్‌సీబీ పోతుందని చాలామంది భయపడతారు. పోదు, బోనస్ ఓడీ వైపు మాత్రమే. ఇతరుల ఆస్తికి నష్టం జరిగితే తన ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం డ్రైవర్ బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది కూడా. ఇంకో సంగతి. కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాట ఇవ్వకూడదు అని ప్రతి పాలసీ షరతుల్లోనూ రాసి ఉంటుంది. ‘తప్పు నాదే అని రాసివ్వు’ అంటే ఆయన జంకితే, వాళ్ల ఏజెంట్ చెప్పిన ఈ మాటే కారణమై ఉండొచ్చు. మోసం చేస్తున్నాడనుకోకండి. తన జేబులోంచి కట్టే పక్షంలో ఆ షరతుతో ఆయనకు పనేలేదు. అసలు ఆయన కారుకు ఇన్సూరెన్స్ బతికే ఉందా అన్న అనుమానముంటే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే గడువు తేదీ కనబడుతుంది.

మాట ఎటు తేలినా, కొన్ని పనులు ఈ రోజే అయిపోవాలి. అన్నిటికంటే ముందు కెమెరా. అపార్ట్‌మెంట్ల డీవీఆర్‌లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది, శనివారానిది ఇంకా ఉందో లేదో. అసోసియేషన్ సెక్రటరీకి తేదీ, సమయం, పిల్లర్ నంబరు రాసి మెయిల్ పెట్టండి, ఆ క్లిప్ తీసి ఉంచమనండి. ఫోన్లో చెబితే ‘సరే మేడమ్’ అంటారు, మెయిల్ అయితే పని జరుగుతుంది. ఫొటోలు తీశారో లేదో రాయలేదు. దూరం నుంచి నంబరు ప్లేటు కనబడేలా ఒకటి, దగ్గర నుంచి ప్రతి దెబ్బా, ఆయన అనుమతితో ఆయన కారు వెనక మూల కూడా. టూత్‌పేస్టు రాసి గీతలు తుడవొద్దు. మీకు కోపం వచ్చినా రాకపోయినా ఆ అంటుకున్న రంగే మీ సాక్షి. సర్వేయర్ చూసేదాకా బండి విప్పించకండి. ముందే బాగుచేయించి బిల్లు పంపితే కంపెనీ చేతులెత్తేస్తుంది.

కంపెనీకి కబురు కూడా వెంటనే చెప్పాలి. జరిగిన వెంటనే తెలపాలని షరతు, ఇప్పటికే వారమైంది. కబురు చెప్పినంత మాత్రాన బోనస్ పోదు. మీ అన్నతో మాట కుదిరి, కంపెనీ నుంచి డబ్బు తీసుకోకపోతే, క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ‘చెల్లింపు లేకుండా మూసేశాం’ అని వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ తెప్పించుకోండి. రెన్యువల్ అప్పుడు కంప్యూటర్లో క్లెయిమ్ నంబరు కనబడి ఎవరైనా బోనస్ తీసేస్తే ఆ మెయిలే మందు. ఇంకోటి, మీ కారుకు ముందు వైపు పాత గీతలు ఉంటే ఈ క్లెయిమ్‌లో కలపాలని చూడకండి. ఒక ప్రమాదానికి ఒక క్లెయిమ్, సర్వేయర్ల కళ్లకు పాత తుప్పు, కొత్త దెబ్బ తేడా ఇట్టే తెలుస్తుంది.

పోలీసుల విషయంలో మీవారి కోపం నాకు అర్థమైంది, కానీ ఇప్పుడు కాదు. ఇంత చిన్న ఓడీ క్లెయిమ్‌కు, ఎవరికీ గాయాలు కానప్పుడు, కంపెనీలు మామూలుగా ఎఫ్‌ఐఆర్ అడగవు. నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు పెట్టే కేసు, భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్, దారి మీద జరిగినవాటికి. బేస్‌మెంట్ గొడవకు స్టేషన్లో ‘మాట్లాడుకోండి’ అనే అంటారు. మీ అన్న రేపు ‘మావాడు గుద్దనేలేదు’ అని అడ్డం తిరిగితే అప్పుడు వెళ్లండి. ఇంగ్లిష్‌లో రాసివ్వొచ్చు, కన్నడ రాదని వెనకాడక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కాకపోయినా ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

ఏపీ నంబరు గురించి అడగలేదు కానీ ఆ మాట ఎందుకు రాశారో ఊహించగలను. క్లెయిమ్‌కు దానితో ఏ ఇబ్బందీ లేదు, పాలసీ దేశమంతా చెల్లుతుంది. అయితే వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. కర్ణాటక ట్యాక్స్ సంగతి మీరు ఏనాడో చూసుకోవాల్సింది, ఇంకో ఉత్తరం రాయండి.

కంపెనీతోనే పేచీ వస్తే, ఉదాహరణకు సర్వేయర్ బంపర్ మార్పు ఒప్పుకోకపోతే, ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా జేపీ నగర్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసుంది, కర్ణాటక అంతటికీ అదే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కానీ అక్కడికి మీ కంపెనీ మీద మాత్రమే వెళ్లగలరు, మీ అన్న కంపెనీ మీద కాదు.

రెన్యువల్ వచ్చినప్పుడు జీరో డెప్ తీసుకోండి. చాలా కంపెనీలు అయిదేళ్ల లోపు కార్లకే ఇస్తాయి, మీ 2022 బండికి ఇదే చివరి అవకాశం కావచ్చు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అని ఇంకో యాడ్-ఆన్ ఉంది, ఒక క్లెయిమ్ అయినా బోనస్ నిలుస్తుంది. బేస్‌మెంట్‌లో ఎల్ బోర్డు కార్లున్న అపార్ట్‌మెంట్లో అది దండగ కాదు.

ఇక మీరు వాళ్లింటికి ఎలా వెళ్లాలన్నది. వాట్సాప్‌లో పెట్టకండి, ముఖ్యంగా అపార్ట్‌మెంట్ గ్రూపులో అసలే వద్దు. ఆదివారం ఉదయం, అబ్బాయి కూడా ఇంట్లో ఉన్నప్పుడు, మీరిద్దరూ వెళ్లండి. ‘అన్నా, నాకూ తెలియదు, లెక్క వేయిస్తే ఇలా వచ్చింది’ అని మొదలుపెట్టి, ఒక తెల్లకాగితం మీద 32,000, 9,187, 13,000 రాసి చూపించండి. ఆయన ఒక పూట ఆలోచించుకోనివ్వండి. ఆ డబ్బాలో మీ అనంతపురం ఓళిగలో, ఇంట్లో ఉన్న అరటిపళ్లో పెట్టి తీసుకెళ్లండి. డబ్బా వదిన చేతికి, కాగితం అన్న చేతికి.